ప్రేమ్‌రాజ్ ఎవడు?

"సాల్వదోర్. అర్థం, కాపాడేవాడు. ఇది మంచిగున్నది గదనే అక్కా," అంది స్రవంతి, ఫోన్‌లోంచి తలెత్తకుండా.

హుస్సేనీ ఆలంలో ఆ ఇంటికి ఎప్పుడూ పాలతోనే తెల్లవారుతుంది. వెనక కొట్టంలో నాలుగు బర్రెలు, ముందు గదిలో పాల దుకాణం, ఆ రెంటి మధ్య ఇరుక్కుని కాపురం. రుక్మాబాయి పాలు వడకడుతూనే చిన్న కూతురి మాటలకు ఒక చెవి ఇచ్చింది. ఆ రోజు పెద్ద కూతురు లావణ్య కొడుక్కి తొట్టెల. గల్లీలో టెంటు వేశారు, బగారన్నానికి పెద్ద గిన్నెలు దించారు, చుట్టాలు బయల్దేరామని ఫోన్లు చేస్తున్నారు. పిల్లవాడికి ఏం పేరు పెడుతున్నారో మాత్రం అమ్మమ్మకు ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.

"ఇగ ఇది విను. క్వావ్‌తెమోక్. అంటే కిందికి దూకే గద్ద అంట."

"గద్దా?" రుక్మాబాయి గిన్నె టక్కున కింద పెట్టింది. "నా మనవనికి గద్ద పేరెందుకే? కోడిపిల్లల నెత్కపోతడా?"

"పెడ్తలేరే అమ్మా, ఊకె చదువుతున్న. మెక్సికోల మగపిల్లల పేర్లు, వాటి అర్థాలు. ఇంకోటి చూడు, నోరు గూడ తిరగది. నెసావల్‌కోయోత్ల్. ఉపాసమున్న నక్క!"

మంచం మీద పిల్లవాణ్ని ఒళ్ళో వేసుకున్న లావణ్య నవ్వింది. "అది మీ బావోళ్ళ దేశంల పాత రాజు పేరే. మీ బావనే చెప్పిండు. మస్తు గొప్ప రాజంట."

రుక్మాబాయి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి మంచం ముందు నిలబడింది. ఆమె కోపానికి ఓ పద్ధతి ఉంది. ముందు చేతులు తుడుచుకుంటుంది, తర్వాత నోరు తెరుస్తుంది. ఇల్లంతా అది తెలుసు కాబట్టి స్రవంతి ఫోను పక్కన పెట్టేసింది.

"రాజుకు నక్క పేరు పెడితె గొప్ప. మీ బాపు పేరు పెడుదమంటె మాత్రం నీ మొఖం ముడుసుకుంటది. పురుడు వోసినకాన్నుంచి అడుగుతున్న. చూద్దామంటవు, చేద్దామంటవు. ఇయ్యాల తొట్టెల. ఇంకెప్పుడు చూస్తవ్?"

"అమ్మా, మళ్ళ మొదలువెట్టకు."

"మొదలువెడ్త. పోయిన వానకాలం పోయిండు మనిషి. ఆడపిల్లలే గదా అని ఒక్కనాడన్న మిమ్ముల తక్కువ జూసిండా? ఆయన పేరు నిలవెట్టనీకె ఒక్క మొగపిల్లగాడు పుట్టిండు. నీకేం పోతది?"

లావణ్య పిల్లవాణ్ని పక్కన పడుకోబెట్టింది. ఆమె కూడా తల్లి బిడ్డే, కోపంలో ఏ మాత్రం తీసిపోదు.

"మతేయో అని పెడ్తున్నం. దేవుడిచ్చిన కానుక అని అర్థం. ఇద్దరం ఎప్పుడో అనుకున్నం. మరి బాపు పేరుకు అర్థమేంది? నువ్వే చెప్పు. పెంటకుప్ప! నా కొడుకు బడికి పోతె పిల్లలు ఊకుంటరా? నన్ను ఊకున్నరా? హాజరు పిలిచేటప్పుడు సార్ బాపు పేరు చదివితే క్లాసంత ముక్కు మూసుకునేది. పెంట బిడ్డా, పెంట బిడ్డా అని ఇంటిదాంక ఎంబడి వచ్చేటోళ్ళు. నీకు తెల్వదా?"

"ఆ పెంట తట్టలకెత్తి అమ్మిన మనిషే నిన్ను ఆఫీసుల కూసునేదాంక చదివిచ్చిండు!"

"చదివిచ్చిండు. కాదంటలేను. గని నా కొడుకును పెంటయ్య అని పిలువ. నాతోని కాదు."

అంత మాట అని ఆమె గోడ వైపు తిరిగి పడుకుంది. రుక్మాబాయి వంటింట్లోకి వెళ్ళి, గిన్నెల మీద తన కోపం తీర్చుకుంది. ఉన్న నాలుగు గిన్నెలూ ఆ పూట నలభై గిన్నెల చప్పుడు చేశాయి.

అసలు ఈ పెళ్ళికే రుక్మాబాయి మొదట ఒప్పుకోలేదు. అల్లుడు ఇస్మాయెల్‌ది మెక్సికో. హైటెక్ సిటీలో లావణ్య పనిచేసే కంపెనీలోనే స్పానిష్ నేర్పడానికి రెండేళ్ళని వచ్చి, ఇక్కడే ఉండిపోయాడు. బస్తీలో అందరికీ అతను ఇస్మాయిల్ భాయ్. ఏ ఇంటి ముందు నిలబడినా చాయ్ ఇచ్చేవాళ్ళు, ఉర్దూలో యోగక్షేమాలు అడిగేవాళ్ళు, అతను వచ్చీరాని ముక్కలతో జవాబు చెప్పేవాడు. పెళ్ళి వద్దని రుక్మాబాయి లొల్లి పెడితే పెంటయ్యే అడ్డుపడ్డాడు. "పిల్లగాడు బర్రె దగ్గరికి పోతె అది తన్నలేదు. నాకు గదే చాలు," అని తేల్చేశాడు. ఆ తర్వాత మామా అల్లుళ్ళు ఆదివారం ఆదివారం కొట్టంలో ఎదురెదురుగా కూర్చుని చాయ్ తాగేవాళ్ళు. ఒకరి భాష ఒకరికి సగం కూడా అర్థమయ్యేది కాదు, నవ్వులు మాత్రం గల్లీ దాకా వినిపించేవి.

పెంటయ్య పోయినప్పుడు అల్లుడు వాళ్ళ దేశంలో ఉన్నాడు. దినం నాటికి గాని రాలేకపోయాడు. వచ్చి ఫొటో ముందు కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడిస్తే, అప్పుడు మొదటిసారి రుక్మాబాయికి అతను సొంత మనిషి అనిపించాడు.

పొద్దెక్కేసరికి టెంటు నిండింది. రుక్మాబాయి మరిది బాలరాజ్ వచ్చినవాళ్ళను కూర్చోబెడుతున్నాడు. మేనత్త పిల్లవాడి చెవిలో పేరు చెప్పాలి. ఇస్మాయెల్ చెల్లెలు రాలేకపోయింది కాబట్టి ఆ పని అమ్మమ్మే చేయాలని పెద్దలు తేల్చారు. చెప్పాల్సిన పేరు తలుచుకుంటే రుక్మాబాయికి కడుపు మండుతోంది. మతేయో అంట. దేవుడిచ్చాడట. దేవుడు ఇచ్చింది సరే, తీసుకుపోయిన మనిషి సంగతి?

అప్పుడే ఇస్మాయెల్ వచ్చాడు. జరీ అంచు పంచె, తెల్ల చొక్కా, మొహం నిండా చెమట, నవ్వు. చంకలో ఇంత పెద్ద అట్టపెట్టె.

"అత్తమ్మా, దేఖో! నేను మీ కోసం తెచ్చిన. లావణ్యకు కూడ చెప్పలేదు. సర్‌ప్రైజ్!"

పెట్టె తెరిచాడు. తొట్టె వెనక గోడకు అంటించే థర్మాకోల్ అక్షరాలు, బంగారు రంగు పూసినవి. రుక్మాబాయి ఐదో తరగతి దాకా చదివింది, ఆమె చదవగలగాలని తెలుగులోనే చేయించాడు. ఒక్కో అక్షరం తీసి మంచం మీద పేర్చాడు.

"మా దేశంల పిల్లగానికి రెండు పేర్లు, అత్తమ్మా. ఒకటి పిలిచే పేరు. ఒకటి తాత పేరు. నాకు గూడ మా తాత పేరున్నది, ఫౌస్తీనో. నా కొడుకుకు మామ పేరు."

రుక్మాబాయి గుండె ఒక్కసారి ఎగిరింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కన్న కూతురికి లేని బుద్ధి పరాయి పిల్లవాడికి ఉంది అనుకుంటూ ముందుకు వంగి, కూడబలుక్కుని చదివింది.

మతేయో ప్రేమ్‌రాజ్.

మళ్ళీ చదివింది. తర్వాత చేతులు కొంగుకు తుడుచుకుంది.

"ప్రేమ్‌రాజ్ ఎవడు?"

ఇస్మాయెల్ ఆమె హాస్యమాడుతోందనుకుని నవ్వాడు. "మామ! మన మామ పేరు."

గదిలో ఎవరూ నవ్వలేదు. స్రవంతి గోడకు ఆనుకుపోయింది. లావణ్య మొహం తెల్లగా పాలిపోయింది.

"నిన్నడుగుతున్ననే," రుక్మాబాయి పెద్ద కూతురి వైపు తిరిగింది. "చెప్పు. ప్రేమ్‌రాజ్ ఎవడు? నేను ఎవనితోని కాపురం చేసిన? నిన్ను ఎవనికి కన్న?"

"అమ్మా, బయట అందరు ఉన్నరు. మెల్లగ..."

"ఉండనీ! విననీ!"

పెళ్ళి కార్డు మీద లావణ్య తండ్రి పేరు మార్చి కొట్టించిన సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. పెంటయ్య ఆ కార్డు చేతిలో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఈ ప్రేమ్‌రాజ్ ఎవడో గని, మంచి బిడ్డను కన్నడు," అని నవ్వేసి బర్రెల దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆ పూట మాత్రం అన్నం ముట్టలేదు. ఆఫీసువాళ్ళు వస్తారని స్టైల్ కోసం చేసిందిలే అని రుక్మాబాయి కూడా సర్దుకుంది. కట్టుకున్నవాడికి కూడా లావణ్య అదే నిజమని చెప్పి, నాలుగేళ్ళు అలాగే నడిపిందని ఇప్పుడే తెలిసింది. నడిచిందీ అంటే నడవదా? కూతుళ్ళు బాపూ అంటారు. బస్తీ అంతా పాలపటేల్ అంటుంది. కాగితాల మీద లావణ్య పేరు ముందు తండ్రి పేరుకు 'పి' అనే ఒక్క పొడి అక్షరం తప్ప లేదు. ఇక భార్య భర్త పేరు ఎత్తనే ఎత్తదు. ఇంట్లో మనిషి పేరు ఇంటి అల్లుడి చెవిన పడే దారే లేకపోయింది.

ఇస్మాయెల్ నవ్వు మెల్లగా ఆరిపోయింది. అతను భార్య వైపు చూశాడు.

"లావణ్యా. ప్రేమ్‌రాజ్ నై హై?"

ఆమె తల అడ్డంగా ఊపింది.

"మరి మామ పేరు ఏంది?"

లావణ్య వంగి పిల్లవాడి మీది గుడ్డ సర్దసాగింది.

"మూడు సంవత్సరాలు ఆయన పక్కన కూసున్న. ఆయన చేతి చాయ్ తాగిన. ఫొటో ముందల ఏడ్చిన. మా అమ్మ చర్చిల దీపం వెట్టి ప్రార్థన చేసింది, ప్రేమ్‌రాజ్, ప్రేమ్‌రాజ్ అని! ఎవరి కోసం చేసింది?" ఎప్పుడూ గొంతు పెంచని మనిషి కేక వేసేసరికి పిల్లవాడు ఉలిక్కిపడి ఏడుపు అందుకున్నాడు. "అస్లీ నామ్ క్యా హై? ఎవరన్న చెప్పుండ్రి!"

"బావా, బాపు పేరు..." అని స్రవంతి నోరు తెరిచింది.

"నువ్వు నోరు ముయ్!" రుక్మాబాయి వేలు చూపించింది. "తప్పు చేసింది అది. దాని నోటితోనే చెప్పాలె. చెప్పవే! మొగని ముందట కన్నతండ్రి పేరు చెప్పు. సిగ్గయితుందా? ఆయనకు పుట్టినందుకు సిగ్గయితుందా నీకు?"

లావణ్య మంచం దిగింది. బాలింత ఒళ్ళు, అయినా నిలబడింది. కళ్ళు ఎర్రగా మండుతున్నాయి.

"అవ్, సిగ్గుపడ్డ. చిన్నప్పటిసంది సిగ్గుపడ్డ. మరి నువ్వు? నువ్వెన్నడన్న ఆయన పేరు పలికినవా?"

"మొగని పేరు పెండ్లాం చెప్పుద్దు. అది పద్ధతి."

"ఏం పద్ధతి? దవాఖానల గూడ పద్ధతేనా? బాపుకు సోయి లేకుంట పడి ఉంటె డాక్టరమ్మ ఏమన్నది నీతోని? 'పేరు పెట్టి పిలువమ్మా, వింటె వినొచ్చు, కండ్లు తెరుస్తడేమో' అన్నది. నువ్వు పిలిచినవా? ఏమయ్యా, ఏమయ్యా అన్నవ్. ఆ వార్డుల అందరు పెండ్లాలు ఏమయ్యా అనే పిలుస్తున్నరు. ఆయననే పిలుస్తున్నవని ఆయనకెట్ల తెలుస్తది? ఒక్కసారి పేరు వెట్టి పిలువకపోతివి. ఇయ్యాల నన్ను చెప్పుమంటున్నవ్!"

"లావణ్యా, బస్!" అని ఇస్మాయెల్ అరిచాడు.

కానీ మాట జారిపోయింది. నోరు జారిన మాట, చేయి జారిన పాలు ఎత్తితే రావు. లావణ్య తన నోరు తనే రెండు చేతులతో మూసుకుంది.

రుక్మాబాయి కూతుర్ని కొట్టడానికి చేయి ఎత్తింది. ఆ చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. ఎందుకంటే కూతురు అబద్ధం చెప్పలేదు. డాక్టరమ్మ అలాగే చెప్పింది. తను మంచం పట్టి పట్టుకుని వంగింది, పేరు నాలుక దాకా వచ్చింది, బయటికి రాలేదు. చుట్టూ జనం ఉన్నారు. ఆ పేరు వింటే నవ్వుతారేమో అనిపించింది.

అవును, నవ్వుతారేమో అనిపించింది. పద్ధతి కాదు, గిద్ధతి కాదు. పదహారేళ్ళ పిల్లగా పెళ్ళయి వచ్చి గడప ముందు నిలబడితే ఆడబిడ్డలు అడ్డం నిలబడి, "పేరు చెప్తెనే లోపలికి రానిస్తం" అన్నారు. తల వంచుకుని చెప్పింది. వెనకాల తన పుట్టింటి వైపు పిల్లలు కిసుక్కున నవ్వారు. ఆ నవ్వుకు ఒళ్ళంతా కాలిపోయి, ఇక మళ్ళీ ఆ పేరు ఎత్తనని ఆ గడపలోనే అనుకుంది. పేరు ఎత్తనవసరం లేని పద్ధతి ఒకటి ఉండటం ఆమెకు కలిసొచ్చింది. తనకే సిగ్గు ఉండగా, ఆ సిగ్గును కూతురు ఎక్కడి నుంచి నేర్చుకుందని అడగడం దేనికి? పాలతో పాటు తనే పట్టింది.

రుక్మాబాయి మంచం అంచున కూలబడింది. పిల్లవాడు ఇంకా ఏడుస్తూనే ఉన్నాడు.

"పెంటయ్య," అంది ఆమె. దగ్గి, మళ్ళీ అంది. "మీ మామ పేరు పెంటయ్య, అల్లుడా."

ఇస్మాయెల్ ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "పెంటయ్య," అని నెమ్మదిగా పలికాడు. "అర్థం?"

"పెంటకుప్ప!" లావణ్య ఏడుస్తూనే కసిగా అంది. "చెత్త. గోబర్. ఇప్పుడు నువ్వు గూడ నవ్వు."

అతను నవ్వలేదు. "ఎందుకు? తల్లి ఎందుకు గిట్ల పెట్టింది?"

"దక్కాలని పెట్టింది," అంది రుక్మాబాయి. "మా అత్తకు ముంగట ముగ్గురు పిల్లలు పుట్టి పోయిండ్రు. ముద్దుగ పేర్లు పెట్టుకున్న పిల్లలు. ఒక్కొక్కరే పోయిండ్రు. నాలుగోసారి ఈయన పుట్టంగనే చాటల వేసి తీస్కపోయి పెంటకుప్ప మీద పెట్టింది. కన్నతల్లి! పురిటి రక్తం ఆరక ముందే! పక్కింటామె ఎత్తుకుంటె పిడికెడు తవుడు వోసి మళ్ళ కొనుక్కున్నది. వీడు ఎవరో పారేసిన పిల్లగాడు, వీని మీద ఎవనికి ప్రేమ లేదు, తీస్కపోకు అని చావును నమ్మియ్యనీకె. అందుకే గా పేరు. మీ దేవుడిచ్చిన పేర్లన్ని అడుక్కునేటియి. ఇది చావు చేతులకెల్లి గుంజుకున్న పేరు."

స్రవంతి ఏడుస్తోంది. బయట బాలరాజ్ "వదినే, యాల్ల దాటుతుంది" అని కేక వేశాడు.

ఇస్మాయెల్ లేచి భార్య ముందు నిలబడ్డాడు. కోపం పోలేదు అతనికి, దవడ బిగుసుకునే ఉంది. "మా నాన్న పేరు తెలుసు గదా నీకు? క్లావ్దియో. అర్థం తెలుసా?"

ఆమె తెలియదన్నట్టు చూసింది.

"ఫోన్ల చూడు. పెద్ద పెద్ద అర్థాలు చూసుకుంట కూసున్నవ్ గద. ఇది గూడ చూడు."

అక్క కదలకపోతే స్రవంతే కళ్ళు తుడుచుకుని తన ఫోన్‌లో వెతికింది. "క్లావ్దియో... కుంటివాడు అనున్నది బావా."

"కుంటోడు! మా నాన్న ఊరి టీంల ఫుట్‌బాల్ ఆడిండు. మా అత్త పేరు సెసీలియా, అంటె గుడ్డి. సూదిల దారం ఇప్పటికి తనే ఎక్కిస్తది. మా దగ్గర ఎవరు అర్థం అడగరు. ఆ పేరున్న మనిషి ఎవరని అడుగుతరు." అతను మంచం మీది అక్షరాల వైపు వేలు చూపించాడు. "నువ్వు నాకు అర్థం దాచలేదు లావణ్యా. మనిషిని దాచినవ్."

లావణ్య మంచం పక్కన నేల మీద కూర్చుంది. తల్లి ఒళ్ళో తల పెట్టి బావురుమంది. "బాపు ఆ కార్డు చూసి నవ్విండు అమ్మా. ఒక్క మాట తిడితె బాగుండు. నవ్విండు. దవాఖాన మాట గూడ... నా నోట్ల పురుగులు వడ, నేను గట్ల అనకపోయేదుండె."

"అన్నది నిజమే గదనే," అంది రుక్మాబాయి, కూతురి జుట్టు సవరిస్తూ. "లే. మొఖం కడుక్కో. బాలింతవు, గింత ఏడువొద్దు."

ఆమె లేచి, పేర్చిన అక్షరాల్లోంచి రెండో పేరు ముక్కలన్నీ ఏరి మంచం కిందికి తోసేసింది. మిగిలిన మతేయోను స్రవంతి తీసుకెళ్ళి తొట్టె వెనక అంటించింది.

టెంటులో ఆడవాళ్ళు పాట ఆపారు. లావణ్య పిల్లవాణ్ని తొట్టెలో వేసింది. బాలరాజ్ అలవాటుగా, "ఏం పేరు పెడ్తున్నరు బిడ్డా? అందరికి వినవడేటట్టు చెప్పు," అన్నాడు.

లావణ్య భర్త వైపు చూసింది. తర్వాత ఆఫీసు నుంచి వచ్చి కుర్చీల్లో కూర్చున్న స్నేహితుల వైపు చూసింది. "మతేయో పెంటయ్య," అంది గట్టిగా. "మా బాపు పేరు."

వెనక వరుసల్లో ఎవరో కిసుక్కున నవ్వారు.

రుక్మాబాయి చేతులు కొంగుకు తుడుచుకుంది. "ఎవడ్రా నవ్వింది?"

ముందు వరుసలవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు.

"నవ్వుండ్రి. మంచిగ నవ్వుండ్రి. మీరు నవ్వుతరనే నేను నా మొగన్ని పేరు వెట్టి పిలువకపోతి. ఇప్పుడు పిలుస్త. ఎవడు నవ్వుతడో నేను గూడ చూస్త."

అని తొట్టె మీదికి వంగింది. ఏడ్చి ఏడ్చి అలసిన పిల్లవాడు అప్పుడే నిద్రలోకి జారుకున్నాడు. ఆ చిన్న చెవి దగ్గర ఆమె నోరు పెట్టింది.

"పెంటయ్యా," అని పిలిచింది. "పెంటయ్యా, నేను. రుక్మను. ఇంటున్నవా?"

పిల్లవాడు కళ్ళు తెరవలేదు. అయినా ఆమె పిలుస్తూనే ఉంది.